పెట్టె ఆమెది, పేగులు నావి

కొరిన్ టాకెట్‌ని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె నా టీవీ మీద చెయ్యేసి నిలబడి ఉంది. నా టీవీ అని ఎందుకంటున్నానంటే, అప్పటికి నలభై నిమిషాలుగా దాన్ని బీసన్ గారి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. మనసులో దానికి మా ఇంట్లో చోటు కూడా చూసేశాను.

బీసన్ గారు పోయాక ఆయన కూతుళ్ళు ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు. మా ఇండియానాలో ఇలాంటి అమ్మకాలకి ఒక పద్ధతి ఉంది. ప్రతి వస్తువుకీ ఒక చీటీ వేలాడుతుంది. దాని కింది సగం చింపి ఎవరు చేతిలో పట్టుకుంటే వస్తువు వాళ్ళది. ముందు చూశాను, ముందు కోరుకున్నాను అంటే ఎవరూ వినరు. నేను వరుసలో పదకొండోవాణ్ణి. ఆమె నాలుగో మనిషి. నేను హాల్లోకి ఉరికేసరికి సగం చీటీ ఆమె వేళ్ళ మధ్య ఉంది.

"ఇది నాదండీ," అంది, ఏడిపిస్తున్నట్టు కాకుండా, ఎంతో మర్యాదగా. నాకు ఆ మర్యాదకే ఎక్కువ మండింది.

అది మామూలు టీవీ కాదు. కలర్ టీవీలు వచ్చిన కొత్తలో, ఊరికి ఒకటో రెండో ఉన్న రోజుల నాటిది. నడుమెత్తు మహాగని పెట్టె, ముందు గుండ్రటి కిటికీ. నేను స్కూలు బస్సులు రిపేరు చేసే షెడ్డులో ఎలక్ట్రీషియన్ని. జీతం అక్కడ, ప్రాణం ఇలాంటి పాత టీవీల దగ్గర. ఆరేళ్ళుగా ఈ మోడల్ కోసం మూడు రాష్ట్రాలు తిరిగాను. చివరికి అది మా బ్లూమింగ్‌టన్‌లోనే, నేను రోజూ బస్సు టెస్టు చేసే వీధిలోనే ఉంది.

కడుపు మంటతో వంగి లోపలికి చూశాను. బొమ్మ రావలసిన చోట చేపల తొట్టి ఉంది. చేపలు కూడా లేవు. బీసన్ గారి భార్య ఎప్పుడో సరదా పడి టీవీ కడుపులోవన్నీ తీయించి అక్కడ చేపల్ని పెట్టించిందట. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. పెట్టె తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు అని అడిగాను. పాత చెక్క సామానుకి మెరుగు పెట్టడం తన వృత్తి అని, ఇంత మంచి మహాగని చేపల కంపు కొడుతుంటే చూడలేకపోయానని చెప్పింది.

నేను అప్పటికే నేలమాళిగ మెట్లు దిగుతున్నాను. తుప్పు మేకుల్ని కూడా సైజుల వారీగా సీసాల్లో దాచుకున్న మనిషి బీసన్. అలాంటివాడు కలర్ టీవీ పేగులు పారేస్తాడా? పారేయలేదు. పెళ్ళినాటి బొంతలో చుట్టి, బాయిలరు వెనక పెట్టాడు. పిక్చర్ ట్యూబు, సర్క్యూట్లు, వెనకున్న రేకుతో సహా. చీటీ చింపే ముందు ఆ బొంతని ఒకసారి కావలించుకున్నాను. చూసినవాళ్ళెవరూ లేరు.

డబ్బు కట్టే బల్ల దగ్గర మళ్ళీ ఎదురుపడ్డాం.

"అవి నా పెట్టెలోవి," అంది బొంత కేసి చూసి.

"కాదండీ. అది నా టీవీ పెట్టె."

బల్ల వెనకావిడ ఇద్దరి చీటీలూ చూసి, ఇద్దరివీ సరిగ్గానే ఉన్నాయి, మీ తగువు వాకిట్లో పెట్టుకోండి అంది. వాకిట్లో అరగంట పెట్టుకున్నాం. పెట్టె ఇమ్మని నేను, పేగులు ఇమ్మని ఆమె. ఎవరూ దిగిరాలేదు. చివరికి ఫోన్ నంబర్లు మార్చుకున్నాం, అదీ మనసు మార్చుకుంటే తెలియజేయడానికని.

పది రోజులకి ఆమే ఫోన్ చేసింది. మనసు మార్చుకోలేదు, మధ్యేమార్గం చెప్పింది. రెండూ కలిపి ఒక టీవీ చేద్దాం. నేనుండే గది బట్టలుతికే దుకాణం పైన, మెట్లు ఇరుకు, వంద కిలోల పెట్టె ఎక్కదు. కాబట్టి వాళ్ళింట్లో పెడదాం. తను, వాళ్ళ నాన్న వర్జిల్ ఉండేది అక్కడే. ఆయన ఏటా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఫ్లోరిడాలో చెల్లెలి దగ్గర ఉంటాడు కాబట్టి హాలు ఖాళీ.

అంతా బాగుంది గానీ నా మీద ఆమెకి నమ్మకం లేదు. కవరు వెనక ఒప్పందం రాసింది. ఏప్రిల్ పదిహేను నాటికి రంగులు కుదురుగా నిలవకపోతే పేగులు నేను తీసుకుపోవాలి, పెట్టె కౌంటీ మ్యూజియానికి వెళ్ళిపోతుంది. వాళ్ళు దాంట్లో ఫోటోలు పెట్టుకుంటారట. సంతకం పెట్టాను. నాకేం భయం? ఈ విద్యలో నన్ను మించినవాడు మా కౌంటీలో లేడనుకునేవాణ్ణి.

నవంబరంతా ఆమె చెక్కకి మెరుగు పెట్టింది, నేను పాత కెపాసిటర్లు పీకి కొత్తవి వేశాను. ఇన్నేళ్ళు నిద్రపోయిన టీవీకి ఒక్కసారిగా కరెంటు ఇస్తే కాలిపోతుంది. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలసేపు, ఒక్కో గీతే పెంచుతూ కరెంటు ఎక్కించాను. ఆమె పక్కన నేల మీద కూర్చుని, పిల్లాడికి జ్వరం చూస్తున్నట్టుగా మీటరు చూసింది. గుండ్రటి తెర మీద ముందు గొంగళి కప్పుకున్నట్టు మసక, ఆ తర్వాత ఎవరో వంటలావిడ. మొహం ఆకుపచ్చ. ఒక మర తిప్పితే ఊదా. ఇంకాస్త తిప్పితే మనిషి. కొరిన్ నా భుజం పట్టుకుని ఊపేసింది. సరిగ్గా అక్కడే నా పని అయిపోయింది. టీవీ పని గురించి కాదు నేను చెప్పేది.

క్రిస్మస్ చెట్టుకి చోటు చాలక ఆమె టీవీని ఇంకో గోడకి తిప్పింది. రంగులన్నీ చెదిరిపోయాయి. కంగారుగా ఫోన్ చేస్తే పరుగెత్తాను. ఈ గుండ్రటి టీవీలతో వచ్చిన తంటా అది. భూమి కూడా అయస్కాంతమే కదా. టీవీ మొహం తూర్పు నుంచి ఉత్తరానికి తిప్పితే చాలు, లోపల ఎరుపు వెళ్ళి ఆకుపచ్చ మీద పడుతుంది. మళ్ళీ మొదట్నుంచీ సరిచేయాలి. ఆ రోజు సరిచేయడానికి మూడు గంటలు పట్టింది. బయట వాన. ఆమె పెర్సిమన్ పండ్ల పుడ్డింగ్ పెట్టింది. వాన తగ్గాక కూడా తగ్గలేదన్నట్టే ఇద్దరం కూర్చున్నాం.

ఇంటికెళ్తుంటే దిగులు పట్టుకుంది. టీవీ బాగైపోయింది. ఇక నేనెందుకు వస్తాను?

ఇక్కడ నేనొక వెధవ పని చేశాను. ఒప్పుకుంటున్నాను. ట్యూబు అంచు చుట్టూ చిన్న చిన్న అయస్కాంతాలుంటాయి, మూలల్లో రంగు సరిచేయడానికి. తర్వాతి సారి మర్చిపోయిన స్క్రూడ్రైవరు తీసుకుపోతానని వెళ్ళి, వాటిలో ఒకదాని స్క్రూని అర చుట్టు తిప్పి వచ్చాను. గురువారం ఫోన్ మోగింది. పై కుడి మూల ఊదారంగు వస్తోందట. అయ్యో అన్నాను. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఫిబ్రవరి దాటేసరికి ఆ మూల అయిదుసార్లు ఊదారంగు అయింది. మా షెడ్డులో వాళ్ళు నా చొక్కాలు చూసి, చర్చి ఏమైనా మారావా అని అడగడం మొదలుపెట్టారు.

మార్చిలో నిజంగానే కొంప మునిగింది. కింద ఎడమ మూల గుండ్రటి ఆకుపచ్చ మచ్చ వచ్చింది. నేను చేసింది కాదు. అయస్కాంతం ఏదైనా దగ్గరికొచ్చిందా, వాక్యూమ్ క్లీనరు గానీ, స్పీకరు గానీ పక్కన పెట్టావా అని అడిగాను. కొరిన్ కళ్ళు పెద్దవి చేసుకుని లేదే అంది. ఆ కళ్ళు చూశాక నేనింకేం అడగగలను? మచ్చ చెరిపేసి వచ్చాను. నాలుగు రోజులకి మళ్ళీ అదే చోట వచ్చింది. తెర వెనక ఉండే చిల్లుల రేకు వంగిపోతోందని భయం పట్టుకుంది. అదే నిజమైతే ట్యూబు దక్కదు, ఇంకోటి దొరకదు. నా దొంగపని వెంటనే మానేశాను. మూల స్క్రూ గట్టిగా బిగించేశాను. అయినా మచ్చ ఆగలేదు. మానేసిన దగ్గర్నుంచి ఇంకా ఎక్కువైంది.

అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పరిస్థితి. చేసింది చెప్తే దొంగనని గెంటేస్తుంది. చెప్పకపోతే ఏప్రిల్ పదిహేనుకి టీవీ రెండు ముక్కలవుతుంది. నిజం చెప్పాలంటే టీవీ పోతే పోయిందనిపించేది. ఆ గుమ్మం ఎక్కే వంక పోతుందే, దానికే నాకు ఏడుపొచ్చేది.

గడువు రోజు ఉదయం వెళ్ళేసరికి వర్జిల్ టాకెట్ టీవీ ముందు స్టూలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఫ్లోరిడా ఎండకి మొహం ఇటుకరంగు తిరిగింది. మా ఊళ్ళో ఉండిన కలర్ టీవీల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాడాయన. ఫ్యాక్టరీ అనేసరికి పెట్టెలు అతికించేవాడేమో అనుకున్నాను. ఆయన చేసిందల్లా మూడు రంగుల్నీ ఒకచోట కూర్చోబెట్టడమే. రోజుకి అరవై టీవీలు. ఆ సంగతి కొరిన్ నాకు అప్పుడు చెప్పింది.

తెరంతా ఒక్క ఎరుపే వచ్చేలా పెట్టాడు. కింద ఎడమ మూల ఆకుపచ్చ మచ్చ అద్దంలో బొట్టులా కనిపిస్తోంది. ఆయన టార్చి వేసుకుని పెట్టె వెనక్కి వెళ్ళి చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వచ్చాడు.

"అబ్బాయ్, పై కుడి మూల స్క్రూ ఎన్నిసార్లు తిప్పావు?"

నేను ఆ మూల కేసి చూశాను.

"మిగతావన్నీ దుమ్ము పట్టి ఉన్నాయి. ఇదొక్కటే అద్దంలా మెరుస్తోంది. అంత చేతకానివాడివి కాదే, లోపల పనంతా శుభ్రంగా చేశావు."

"పదకొండుసార్లు సార్," అన్నాను. "అయిదుసార్లు పాడుచేశాను, అయిదుసార్లు బాగుచేశాను. ఒకసారి బిగించాను."

కొరిన్ నా వైపు తిరిగింది. ఆ చూపుకి గుమ్మం కేసి అడుగేశాను. వర్జిల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు, నీ పని అయిపోయింది. ఇప్పుడు మా అమ్మాయి వంతు. తల్లీ, వంటింటి అలమరా తలుపు ఎందుకు మూసుకోవట్లేదు?"

కొరిన్ మొహం తెరలోని ఎరుపు కంటే ఎరుపెక్కింది. ఆయన తాపీగా చెప్పుకుపోయాడు. రేకు వంగితే మచ్చకి అంచు ఉండదు. ఇది గుండ్రంగా అచ్చు వేసినట్టుంది. అలమరా తలుపుకుండే అయస్కాంతం సైజు. ఎవరో దాన్ని పీకి రోజూ ఒకేచోట ఆనించి తీస్తున్నారు.

"ఊదారంగు వచ్చేదాకా ఆగలేకపోయాను, తర్వాత అది రావడమే ఆగిపోయింది," అంది కొరిన్ నేల చూస్తూ. "ఊరికే రమ్మని ఎలా పిలుస్తాను? ఏమని పిలుస్తాను?"

"నేను ట్యూబు చచ్చిపోతోందనుకున్నాను," అన్నాను. "మూడు వారాలు నిద్రపోలేదు."

"నేనూ పోలేదు. ఆ ఊదారంగు నిజంగా టీవీ రోగమే అనుకున్నాను. దానికి తోడు నా మచ్చ కూడా చేరి, అది నీ చేతుల్లో పోతుందేమోనని."

"మరెందుకు ఆపలేదు?"

"ఆపితే నువ్వు రావుగా."

ముందు ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ ఒప్పందం కవరు తెచ్చి చింపేసింది. వర్జిల్ మాత్రం నవ్వలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"దీన్ని నేనే సరిచేస్తాను. ఒక్కసారే చేస్తాను. కాబట్టి ముందు తేల్చండి. ఇది శాశ్వతంగా ఎక్కడుంటుంది? ఏ ఇంట్లో, ఏ గోడకి?"

నా గదికి ఎక్కదు అన్నాను. ఇక్కడా వద్దు, నాన్న రోజూ ఏదో ఒకటి తిప్పుతూనే ఉంటాడు అంది కొరిన్. ఇంకో ఇల్లు చూడాల్సిందే అని కూడా అంది.

"ఎవరికి?" అన్నాను.

వర్జిల్ నిట్టూర్చాడు. "నీకు కరెంటు తప్ప ఇంకేం తెలియనట్టుందయ్యా."

అప్పటికి వెలిగింది నాకు. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. కొరిన్, నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాను. గొంతు కీచుమంది.

"ఆ మాట అడిగించడానికే కదా అలమరా తలుపు ఊడగొట్టుకున్నాను," అంది. సరేనని తర్వాత విడిగా కూడా అంది, నేను అడిగి మరీ అనిపించుకున్నాను.

ఇల్లు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. మిగతావాళ్ళు వంటిల్లు చూస్తారు, స్నానాల గది చూస్తారు. మేం గుమ్మం దాటగానే దిక్సూచి తీసి హాలు మధ్యలో నిలబడేవాళ్ళం. పక్కనే ఇనప దూలం ఉంటే వద్దు, నీళ్ళ గొట్టం ఉంటే వద్దు. ఇళ్ళు చూపించే ఏజెంటమ్మ ఓపిక పట్టి పట్టి, మీ మతంలో ఇల్లు ఏ దిక్కుకి ఉండాలి అని చివరికి అడిగేసింది. కొరిన్ ఆమెకి ఎంత మర్యాదగా సమాధానం చెప్పిందంటే, ఆవిడ నిజంగానే నమ్మి తర్వాతి ఇళ్ళన్నీ పడమటి గోడ ఖాళీగా ఉన్నవే చూపించింది.

ఇంట్లోకి మంచం కూడా రాకముందు టీవీ వచ్చింది. వర్జిల్ స్టూలు కూడా తెచ్చుకున్నాడు. పొద్దున తొమ్మిదికి కూర్చుని ఒంటిగంటకి లేచాడు. మధ్యలో మేమిచ్చిన సాండ్‌విచ్ ముట్టలేదు. తెర మీద గళ్ళ గీతలు, ఒక్కో గీతకి ఎరుపు ఒక పక్క, ఆకుపచ్చ ఒక పక్క, నీలం ఇంకో పక్క. ఆయన వేళ్ళ కింద అవి మెల్లగా దగ్గరికి జరిగి, ఒకదాని మీద ఒకటి కూర్చుని, మూడూ కలిసి ఒక్క తెల్ల గీత అయ్యాయి. ఫ్యాక్టరీ మూసేశాక ఆయన ఈ పని చేయడం అదే మొదటిసారట. లేచి నిలబడి కాసేపు అటు తిరిగే ఉన్నాడు.

"ఇక దీన్ని ఇక్కణ్ణుంచి కదపకండి," అన్నాడు.

"కదపం నాన్నా," అంది కొరిన్. "మేమూ కదలం."

ఆయన తలాడించి, నా భుజం మీద చెయ్యి వేసి, ఆ సాండ్‌విచ్ ఏదీ అని అడిగాడు.