యాసిడ్ తిన్న రాయి

“పోలీసులు మా ఆయన్ని కొట్టి చంపేసేలా ఉన్నారండీ. ఇప్పటికే కుడిచేతి వేళ్లు రెండు విరిచేశారు,” అంటూ ఆమె డిటెక్టివ్ గుమ్మంలోనే కూలబడింది.

ఆమె భర్త రాళ్లు పరిచే మేస్త్రీ. అతను కొత్తగా నాపరాళ్లు పరిచిన పెరట్లోనే నిన్న మధ్యాహ్నం ఇంటి యజమాని తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కన పడున్న సుత్తి మేస్త్రీది. భోజనానికి వెళ్లానంటాడు గానీ సాక్ష్యం లేదు. ఆ పొద్దున రాళ్ల మీద సిమెంటు మరకలు చూసి, “సాయంత్రానికి ఇవి పోకపోతే నీ చేతులు విరగ్గొడతా,” అని యజమాని అరిచిన అరుపు వీధంతా వింది. ఆ మహానుభావుడి నోరు అలాంటిది, చెయ్యి అంతకంటే దురుసు.

డిటెక్టివ్ పెరట్లో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో రాయీ తడిమాడు. ఆయన కంటబడనిది లోకంలో లేదని నమ్మే అసిస్టెంట్, నోట్‌బుక్ పట్టుకుని వెనకే నిలబడింది. గోడ వారన సిమెంటు మరకలు సగం గీకి ఉన్నాయి. పక్కన తడి గోనెపట్టా, అంచు అరిగిన చెక్కముక్క. శవం పడిన చోట మాత్రం రాయి తెల్లగా పాలిపోయి గరుగ్గా ఉంది.

“మరకలు పోవాలని మేస్త్రీ యాసిడ్ పోశాడండీ,” అన్నాడు యజమాని మేనల్లుడు కుంటుతూ వచ్చి. “మామయ్య తిట్టాడు. వాడు సుత్తి తీశాడు. మేడ మీంచి చూశాను.”

“కాలికి ఆ కట్టేమిటి?”

“వేణ్ణీళ్లు ఒలికాయి.”

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ మేస్త్రీని బేడీలతో తెచ్చాడు. యజమాని భార్య, మేనల్లుడు, మేస్త్రీ పెళ్లాం అందరూ పెరట్లో నిలబడ్డారు.

“ఈ సిమెంటు మరక తీసి చూపించు,” అన్నాడు డిటెక్టివ్.

మేస్త్రీ ఎడమచేత్తో రాయి తడిపి, చెక్కముక్కతో మెల్లగా గీకసాగాడు.

“యాసిడ్ పోస్తే త్వరగా పోదూ?”

“నాపరాయి మీదా? రాయినే తినేస్తుందండీ. అలా చేస్తే మా నాన్న నన్ను తన్నేవాడు.”

డిటెక్టివ్ వెంట తెచ్చిన యాసిడ్ సీసా ఆ రాయి మీద వంచాడు. రాయి బుసబుసా నురగ కక్కింది. అందరూ వంగి చూశారు. మేనల్లుడు మాత్రం కట్టున్న కాలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“నురగ చిందుతుందని నీకెలా తెలుసు? మరకల కోసం పోస్తే మరకల మీద పోయాలి. అవి గోడ దగ్గరే ఉన్నాయి. నువ్వు పోసింది రక్తంలో పడిన నీ కాలిముద్ర మీద. కట్టు విప్పు.”

“ఇరవై ఏళ్లు కొట్టాడు,” అన్నాడు మేనల్లుడు. “నిన్న పనివాళ్ల ముందు చెప్పుతో కొట్టాడు.”

అంటూనే పక్కనున్న మేస్త్రీ పనిముట్లలోంచి ఉలి లాక్కుని డిటెక్టివ్ మెడ మీదికి దూకాడు. అసిస్టెంట్ ఆ కాలిన పాదాన్ని మడమతో గట్టిగా తొక్కింది. వాడు పెడబొబ్బ పెట్టి కూలాడు. ఉలి డిటెక్టివ్ భుజాన్ని చీల్చుకుంటూ జారింది.

బేడీలు చేతులు మారాయి. యజమాని భార్య తెల్లమచ్చ వంకే చూస్తూ, “ఇది పోతుందా మేస్త్రీ?” అంది.

అతను మంచి చేత్తో తడిమి చూశాడు. “సిమెంటు మరకైతే తీసేవాణ్ని అమ్మగారూ. ఇక్కడ రాయే పోయింది. మార్చాలి.” వాచిన వేళ్లు పెళ్లాం చేతిలో పెట్టి, “చెయ్యి బాగయ్యాక వచ్చి మారుస్తాను,” అన్నాడు.