‘లేదు’ అని రాసిన చీటీలు

తడిసిన గొడుగు కేఫ్‌లో ఓ మూలన పెట్టి, తేగ్యొమ్ ఏడో బుధవారం కూడా పాటలు కోరుతూ అదే చీటీ రాశాడు. పైన డెబ్బైల నాటి రేవు పాట. దాని కింద, “తరవాత ‘మూడో కిటికీ’ అనే పేరుతో పాడే కొత్త గాయని పాట, ఏదైనా సరే.”

రికార్డుల దగ్గర కూర్చున్న నారే రేవు పాట వేసింది. రెండో దాని పక్కన ఎప్పటిలాగే ‘లేదు’ అని రాసి చీటీ తిప్పి ఇచ్చింది.

ఈసారి అతను కదల్లేదు.

“ఏడు వారాలండి. ఈ షాపులో చెవులున్న మనిషే లేరా?”

“ఉన్నారు. ఇక్కడ పాత పాటలే వేస్తాం.”

“ఆ రేవు పాట కొత్తగా వచ్చినప్పుడు కూడా ఎవరో ఇలాగే అనుంటారు.”

నారేకి నవ్వొచ్చింది. మింగేసింది.

“అంత గొప్పగా పాడుతుందా ఆవిడ?”

“గొప్పగా ఏం కాదు. గొంతు పైకి వెళ్ళినప్పుడు భయపడుతుంది. కానీ మా అమ్మ వంటింట్లో వినే పాటలకీ ఆవిడ పాటలకీ ఏదో చుట్టరికం ఉంది. ఒకదాని తరవాత ఒకటి వింటేనే తెలుస్తుంది.”

“భయపడుతుందా?”

“మీకెందుకండీ కోపం?”

జొంజు ఊళ్ళో ఈ మ్యూజిక్ కేఫ్ నారే మేనమామ మాన్‌శిక్‌ది. పాటలు రాస్తున్నానని చెప్పిన రోజే ఆయన తేల్చేశాడు. “గదిలో పాడుకో. నా షాపులో వద్దు, నవ్వులపాలవుతావు.” ఆమె గదిలోనే ఆరు పాటలు రికార్డు చేసి, వేరే పేరుతో నలభై క్యాసెట్లు ఏటిగట్టు సంతకి పంపింది. మామయ్య చెవిన పడలేని పాట ఇంకెక్కడా నిలవదేమోనని లోపల బెంగ. ఈ ఏటితో మానేద్దామనుకుంటోంది.

తేగ్యొమ్ జేబులోంచి క్యాసెట్ తీసి, చీటీ పక్కన పెట్టాడు.

“నేను చేత్తో కాగితం చేసే చోట పని చేస్తాను. పోయిన వసంతంలో బెరడు సరిగా ఉడకక ఒక కట్టంతా ఇలా గోధుమరంగు చారలు పడింది. తిట్లు తిన్నది నేనే. ఆ కట్టని చీటీల కోసమని మీ మామయ్య ఒక్కరే కొన్నారు.”

క్యాసెట్ అట్ట మీదా, చీటీ మీదా అవే చారలు. అట్టలు ఆమె కత్తిరించింది ఆ చీటీల కట్టలోంచే. నారే చెవులు ఎర్రబడ్డాయి.

“ఎప్పట్నుంచి తెలుసు?”

“రెండో బుధవారం నుంచి.”

“మరి ఇన్నాళ్ళూ నన్ను ఆడించావా?”

“లేదు. ‘లేదు’ అని రాసే చెయ్యికి ఎప్పుడు విసుగొస్తుందా అని చూశాను.”

ఆ చెయ్యికి అప్పుడే విసుగొచ్చింది. నారే క్యాసెట్ లాక్కుని డెక్‌లో పెట్టి, మీట నొక్కింది.

మొదటి చరణం సగంలో ఉండగా మాన్‌శిక్ టీ ట్రేతో బయటికొచ్చాడు.

“ఈ గొంతు నీది కదూ. ఆపు.”

“చీటీ వచ్చింది మామయ్యా.”

“ఆపమన్నానా?”

“చీటీ మీద వచ్చిన పాట మధ్యలో ఆపకూడదు. గోడ మీద రాసింది మీరే, నేను పుట్టకముందు.”

ఆయన డెక్ వైపు చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కిటికీ దగ్గర ఇద్దరు పెద్దావిడలు కప్పుల్లో చెంచాలు తిప్పడం మానేశారు. పైస్థాయిలో గొంతు వణికింది. నారే తల దించలేదు.

పాట అయిపోయింది. బయట వాన వినిపించింది.

“పైన భయపడ్డావు,” అన్నాడు మామయ్య.

తేగ్యొమ్ తన గొడుగుని శ్రద్ధగా చూడసాగాడు.

“పడ్డాను. అయినా పాడాను. రేపూ వేస్తాను.”

“రేపు చీటీ ఎవరు రాస్తారట?”

తేగ్యొమ్ కొత్త చీటీ రాసి జరిపాడు. “రేపు ‘మూడో కిటికీ’ పాట. అది వినడానికి మీ పక్కన ఒక చోటు.”

నారే అలవాటుగా ‘లే’ అని మొదలుపెట్టింది. కొట్టేసింది. ‘ఉంది’ అని పెద్దగా రాసి, మామయ్యకి కనిపించేలా కౌంటర్ మీద పెట్టింది.

మాన్‌శిక్ అది చదివాడు. ట్రేలోంచి గుడ్డు పచ్చసొన వేసిన మూలికల టీ తీసి, తేగ్యొమ్ ముందు పెట్టాడు.

“చల్లారిపోయింది, తాగు. వేడిది రేపు.”