ఎర్రలైట్ల టోపీ

వానలు మొదలైన ఒక శనివారం, దయాకర్ నిలువునా తడిసి కట్టంగూర్ చేనేత సంఘంలోకి వచ్చాడు. చంకలోని చీర మాత్రం ప్లాస్టిక్ కవర్లో పొడిగా ఉంది. నార్కట్‌పల్లిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసుకునే అతను, తల్లి లక్ష్మీనర్సమ్మ నేసిన చీర ఇచ్చిపోవడానికి రావడం అదే మొదటిసారి.

సంఘంలో చీరలు పరీక్షించేది వసంతలక్ష్మి. చిన్న భూతద్దం బట్ట మీద ఆనించి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టి, తప్పుంటే షెడ్డంతా వినబడేలా గట్టిగా చెప్పడం అక్కడి పద్ధతి. తప్పున్న చీర అమ్మకానికి పోదు. నేసిన ఇంటి ఆడవాళ్లే కట్టుకుంటారు.

లెక్క చూసి ఆమె తలెత్తింది.

"చీర మంచిగుంది. కొడుకు నెత్తి మీదనే పోగులు పల్చబడ్డయి."

"వానకు అంటుకపోయినయి, గంతే!" అని అతను తల తడుముకుంటూ నవ్వాడు. ఆ మాటను ఆమె సాయంత్రానికే మరిచిపోయింది.

తర్వాత చీర ఉన్నా లేకున్నా ప్రతి శనివారం వచ్చేవాడు. "ఇటు పని పడ్డది" అనేవాడు. "వారం వారం గదే పనా కొడుకా?" అని పక్క బల్ల దగ్గర కూర్చునే అండాలు అనే ఆమె అడిగితే తల దించుకునేవాడు.

బతుకమ్మ పండుగ ముందు ఒక డబ్బా తెచ్చి అందులోంచి టోపీ తీశాడు. లోపలంతా ఎర్రటి లైట్లు.

"లేజర్ టోపీ. ఇంట్లనే రోజు జరసేపు పెట్టుకుంటే వెంట్రుకలు మళ్ల వస్తయట."

"ఎవలన్నరు?"

"ఆన్‌లైన్ల. ముందటి ఫొటో, తర్వాతి ఫొటో పెట్టిండ్రు."

"ఫొటోలదేమున్నది? ఎర్రలైట్లకే మొలిస్తే హాలియా రైతులు కాలువ నీళ్లకు ఎందుకు ఎదురుచూస్తరు?"

"నువ్వు దేన్నీ నమ్మవా?"

"లెక్కను నమ్ముత. కూసో."

అతని నెత్తి మీద సుడి పక్కన, పుట్టుమచ్చ దగ్గర భూతద్దం ఆనించి వెంట్రుకలు లెక్కపెట్టింది. తొంభైనాలుగు. ఆమె వేళ్లు తగిలి అతని చెవులు ఆ లైట్ల కన్నా ఎర్రబడ్డాయి. చూసీ చూడనట్టే ఊరుకుంది.

నాలుగు నెలల తర్వాత కొత్త చొక్కా వేసుకుని, డబ్బాతో సహా వచ్చాడు. నూలు పంచే రోజు కావడంతో షెడ్డు నిండా జనం. ఆమె అదే మచ్చ దగ్గర రెండుసార్లు లెక్కపెట్టింది. అలవాటైన నోరు ఆగలేదు.

"తొంభైయొకటి! మూడు తక్కువ!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. "చీరైతే వాపస్ పంపుదుము" అన్నారెవరో. దయాకర్ నవ్వబోయి, నవ్వలేక, డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం చీర తెచ్చింది లక్ష్మీనర్సమ్మ.

"దయాకర్ రాలేదా అత్తా?"

"నెత్తి గురించి వానికి ఎన్నడు ఫికర్ లేకుండె బిడ్డా. నువ్వన్నవనే ఆ టోపీ కొన్నడు. నువ్వు మళ్ల లెక్కపెట్టిన రోజు మీ బాపుతోని సంబంధం మాట్లాడుమని నాకు చెప్పే ఇటు వచ్చిండు. ఇంటికొచ్చినంక వద్దన్నడు."

వసంతలక్ష్మికి వాననాటి మాట గుర్తొచ్చింది. లెక్క తప్పలేదు, టోపీని నమ్మకపోవడమూ తప్పు కాదు. అయినా డబ్బా తీసుకుని నార్కట్‌పల్లి పోవాలనుకుంది. రేపు పోదాం, మాపు పోదాం అనుకుంటూనే ఎండాకాలం గడిపేసింది.

మళ్లీ వానలు పడ్డాక నార్కట్‌పల్లి బస్సెక్కింది. షాపులో ముగ్గురు గిరాకీలున్నారు. డబ్బాను బల్ల మీద పెట్టి, సంఘంలో చెప్పినంత గట్టిగా అంది:

"తప్పు నాది! మొదలు అన్నది నేనే, అందరి ముందట నవ్వులపాలు చేసింది గూడ నేనే!"

గిరాకీలు ముఖాలు చూసుకున్నారు. దయాకర్ విప్పిన ఫోన్ మీంచి తలెత్తలేదు.

"గింత గట్టిగ చెప్పాల్నా?"

"నీది గంతే గట్టిగ చెప్పిన గద."

"ఐదు నెలలు, వసంతా. కట్టంగూర్ బస్సు వచ్చినప్పుడల్లా ఎవలన్న చూసి నవ్వుతరని లోపలికి పోయి నిలబడ్డ."

ఆమె డబ్బాను అతని వైపు జరిపింది. తడిసిన కొంగు నుంచి నీళ్లు కారుతున్నాయి. అతను అడిగాడు, తెలిసే అడిగాడు.

"తప్పున్న చీరను మీరేం చేస్తరు?"

"అమ్మరు. ఇంట్లనే ఉంచుకుంటరు."

దయాకర్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "అమ్మకు ఒకపారి సంబంధం వద్దన్న. మళ్ల అడగాలంటే మొఖం చెల్లుతలేదు."

"నేను గూడ వస్త" అంది వసంతలక్ష్మి, ఈసారి అతనికొక్కడికే వినబడేంత మెల్లగా.