పుల్లేటిలంక పేజీ

సుభాషిణి ఊరి వెబ్‌సైటులో పాత పేజీ తెరిచి, కొత్తది దాని పక్కన పెట్టి, రెండింట్లో ఉన్నది ఒకటేనని చూసుకుని దారి మళ్లించింది. చేపల సంత అయిపోయింది. కాన్పుల ఆసుపత్రీ అయిపోయింది. మళ్లించిన ప్రతిసారీ తెర మూలకే చూస్తూ కూర్చునేది. పేజీలను వెతికి వరుసలో పెట్టే యంత్రం అన్వేషిణి వచ్చి, పాత వాకిట్లో దూరి కొత్త వాకిట్లో తేలి, పాత వరుసే మళ్లీ ఇచ్చి వెళ్లేదాకా ఆమె ప్రాణం గుప్పిట్లోనే.

సముద్రం మీదికొచ్చాక ఊరు గుట్టెక్కింది. మనుషులు బాగానే ఎక్కారు. ఊరి వెబ్‌సైటును ఎక్కించడమే తలనొప్పి. నడిపేవాడు లేని నీటి పడవలూ మందుల పడవలూ అన్వేషిణిని అడిగే కదులుతాయి. వరుసలో పైనున్న పేరుకు ముందు వెళతాయి, కిందున్న పేరుకు తర్వాత. వరుసలో లేని పేరుకు వెళ్లవు. పాత పేజీని దానికి సంబంధంలేని పేజీకి మళ్లిస్తే అన్వేషిణి దాన్ని దొంగ వాకిలి అంటుంది, ఊరు ఊరంతటినీ వరుసలో అడుక్కి తోస్తుంది.

ఇక మిగిలింది పుల్లేటిలంక. ఆ లంక జనం గుట్ట మీదికి రామన్నారు. రానివాళ్లకు కొత్త సైటులో పేజీ లేదని పాలకమండలి తేల్చేసింది.

"దానికి 'పోయింది' అని పెట్టెయ్యమ్మా," అన్నాడు పై అధికారి ఇమ్మానుయేలు, సంచి భుజాన వేసుకుంటూ.

"పలకరించకుండానా సార్?"

పేజీని మూసేముందు అందులోని నంబరుకు ఫోన్ చెయ్యాలి, ఎవరైనా పలికితే మూయకూడదు. మళ్లింపు పని చేసేవాళ్లు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు అది.

"అది మనం పెట్టుకున్నదే కదా. ఉప్పుమడుల పేటని పలకరించామా?"

పలకరించలేదు. ఆ పేటకు 'పోయింది' అని పెట్టిన మర్నాటి నుంచి ఫోన్ కలవలేదు. వెళ్లి చూద్దామంటే పడవ కదలలేదు, అలాంటి చోటు లేదంది. అక్కడివాళ్లు ఏమయ్యారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

"నేను పోతున్నాను. పొద్దున్నకి పని పూర్తవ్వాలి," అని ఇమ్మానుయేలు ఆమె మొహం చూడకుండానే వెళ్లిపోయాడు. ఆయనకూ భయమే.

ఆమె ఫోన్ చేసింది. వెంటనే పలికారు.

"పుల్లేటిలంక ఆసుపత్రండీ. నేను నర్సు దమయంతినండీ. మందుల పడవ గురించేనా?"

"పడవ రాలేదా?"

"దారిలో ఆగిపోయిందండీ. గుట్ట మీంచి మా పేజీ ఏదో రావాలని చూపిస్తోంది. సుగరు పిల్లలకి ఇన్సులిన్ ఇయ్యాల్టికే ఉందమ్మా. ఏవన్నా చేసి పెడుదురూ."

"లైను పెట్టేయకండి," అంది సుభాషిణి.

కొత్త సైటులో ఆమె చెయ్యి పెట్టగలిగిన పేజీ ఒకటే ఉంది. అది ఆమెదే. గుట్ట మీద ప్రతి మనిషికీ ఒక పేజీ ఉంటుంది. తలుపు తెరుచుకునేది, దీపం వెలిగేది, రేషను వచ్చేది దాన్ని చూసే. ఒక పేజీలో ఒకే సంగతి ఉండాలి. లంక అందులోకి వస్తే తను బయటికి పోవాలి.

ఇంటికి పోదామనిపించింది. పెట్టెయ్యమన్నది పైవాళ్లే కదా అనీ అనిపించింది. ఫోనులో ఎవరో పసిపిల్ల ఏడుస్తోంది, దమయంతి ఊరుకోబెడుతోంది.

సుభాషిణి తన పేజీలో తన పేరు, ఫొటో, ఇంటి జాడ చెరిపేసింది. లంక పేజీలోని ప్రతి అక్షరం, రేవు గుర్తుతో సహా, అందులో పోసింది. పాత వాకిలిని అక్కడికి మళ్లించింది.

అన్వేషిణి వచ్చింది. ఎన్నడూ లేనంత సేపు అక్కడే తచ్చాడింది. తర్వాత పాత వరుసే ఇచ్చి వెళ్లింది.

గదిలో దీపాలు ఆరిపోయాయి. ఫ్యాను ఆగింది. తడుముకుంటూ వెళ్లి తలుపు మీద అరచెయ్యి పెట్టింది.

"గదిలో ఎవరూ లేరు," అంది తలుపు.

మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట. పొద్దున్న ఇమ్మానుయేలు వచ్చి తెరిచినా, ఈ ఊళ్లో ఇంకే తలుపూ తనకు తెరుచుకోదు. అక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

"పడవ కదిలిందమ్మా," ఫోనులో దమయంతి గొంతు. "ఇటే వస్తోంది. ఉన్నారా అమ్మా?"

"ఉన్నాను."

"మీ పేరేంటమ్మా?"

ఆ ప్రశ్న ఇంకెవరూ అడగరని ఆమెకు అప్పుడు తెలిసింది.

"సుభాషిణి. ఎవరికైనా చెప్పి ఉంచండి."

అట్నుంచి దమయంతి ఆ పేరును ఎవరికో గట్టిగా చెప్పింది. వాళ్లు రేవులో ఇంకెవరికో కేకేసి చెప్పారు. చీకట్లో ఫోను చెవికి అదుముకుని, తన పేరు మనిషి నుంచి మనిషికి దూరమవుతుంటే సుభాషిణి వింటూ కూర్చుంది.