మడత లేని నోటు

కవర్ ఖాళీ!

ఆనంద్ కుమార్ దాన్ని తిరగేసి దులుపుతాడు.

అల్మారాలో బంగారం అట్లాగే ఉంది. పోయింది ఒక్కటే... నిజాం సర్కారు అచ్చేసిన వంద రూపాయల నోటు. ఎక్కడా చిరుగు లేదు, ఉన్న లోపమల్లా మధ్యలో ఒక్క మడతే. రేపు ఉదయమే దానికి వాల్యుయేషన్, ధర కట్టించాలి!

కిటికీలోంచి చూస్తాడు. కింద, తనలాగే పాత నోట్లు సేకరించే భానుమూర్తి. చంకలో బ్రౌన్ కవర్. స్కూటర్ స్టార్ట్ చేస్తున్నాడు.

అతని దగ్గరా అలాంటి నోటే ఉంది. మూల చిరిగింది. పదేళ్లుగా ఆనంద్ నోటును చూసి కుళ్లుతూనే ఉన్నాడు.

ఆనంద్ రెండేసి మెట్లు దూకుతూ దిగుతాడు. వరండాలో భార్య జోస్నా అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. రేపు చర్చికి వస్తాడా అని అడుగుతుంది.

వినడు. ఎప్పుడు విన్నాడు గనక!

బైక్ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డెక్కుతుంది. తెలంగాణ బంద్. షట్టర్లన్నీ మూత. బస్సుల్లేవు, ఆటోల్లేవు.

ముందు స్కూటర్... వెనక బైక్... కొత్తపేట దాటేశారు...

ఎల్.బి.నగర్ చౌరస్తా. స్కూటర్‌కు సడన్ బ్రేక్!

రోడ్డుకు అడ్డంగా ఉద్యమకారుల వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద ఉప్మా గంగాళాలు, జెండాలు, డప్పులు. దారి లేదు.

ఆనంద్ అతని కాలర్ పట్టేస్తాడు.

"ఏంది అన్నా లొల్లి?" గరిటెతోనే వస్తాడు సైదులు, పొయ్యి దగ్గరి కార్యకర్త. వెనకాలే జనం.

భానుమూర్తి పెదవి విప్పడు. విప్పితే గుంటూరు యాస బయటపడుతుంది. ఇప్పుడు ఆనంద్ 'దొంగ' అంటే చాలు...

ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాడు.

"ఏం లేదన్నా. మా దోస్తే."

"దోస్తయితే కాలర్ ఇడిచి ఉప్మా పెట్టియ్యి." జనం నవ్వి కదులుతారు.

ఆనంద్ అతన్ని డివైడర్ పక్కకు లాగుతాడు. "కవర్ తియ్యి సార్."

దొంగిలించలేదంటాడు భానుమూర్తి. పిలిచి చేతిలో పెట్టారట. ఇంకా విప్పి చూడనేలేదట.

ఆనంద్ లాక్కుని విప్పుతాడు.

ఇద్దరూ కొయ్యబారిపోతారు.

మడత లేదు! నోటు నున్నగా, చదునుగా ఉంది. ఒక అంచున ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో లేత మాడు...

వేడి తగిలితే నోటు చచ్చినట్టే. ఇంట్లో ఆనంద్ రోజూ చెప్పే పాఠమే అది.

"దీని కోసం కుళ్లి చచ్చానయ్యా. పిలిస్తే సిగ్గు లేకుండా వచ్చాను కూడా." భానుమూర్తి నుదురు కొట్టుకుంటాడు. "కానీ ఇస్త్రీ పెడతానా?"

"మరి ఎవలు?"

"కవర్ నా చేతిలో పెడుతూ, 'ఆయన రాత్రంతా దీని మొహమే చూస్తారు, నా మొహం చూసి ఎన్నాళ్లయిందో... తీసుకుపోండి' అందయ్యా."

ఆనంద్ నోటు అంచు మీది మాడును తడుముతాడు. ఆ పేరు చివరికి అతని పెదాల మీదికే వస్తుంది.

"జోస్నా!"