వేలికి కట్టు

ఆ పొద్దున పంతులమ్మ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. నిజానికి ఆమె ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ఇంట్లో అందరి తప్పులూ దిద్దుతుందని తల్లి పెట్టిన పేరది. బడి మొహం చూడని పెద్దలకు చదువూ లెక్కలూ నేర్పే సాయంకాలం తరగతులు మూతపడకుండా అధికారులతో వాదించడమే ఆమె ఉద్యోగం.

ఈసారి వచ్చిన గండం మామూలుది కాదు. యాభై దాటినవాళ్లను ఆ తరగతుల్లో చేర్చుకోకూడదని నిబంధన తేబోతున్నారు. కాటికి కాళ్లు చాపినవాళ్లకు ఓనమాలెందుకని విద్యా కమిటీలో ఒక సభ్యుడు అడిగాడట. ఆయనకే అరవై ఐదు. పదకొండింటికి పంతులమ్మ ఆ కమిటీకి జవాబు చెప్పాలి.

స్నానం చేసి వచ్చేసరికి, నిన్న సాయంత్రం బల్ల మీద పెట్టిన నివేదిక ముందు తండ్రి కూర్చుని ఉన్నాడు. ఆయన వడ్రంగి. ఆ వీధిలో సగం తలుపులు ఆయన చేసినవే. నాలుగో పేజీ తెరిచి ఉంది.

"ఈ వడ్రంగి నేనే కదూ?" అన్నాడు.

ఆ పేజీలో ఒక వడ్రంగి సంగతి ఉంది. కూతురి బడిలో ఏటా దరఖాస్తు నింపే రోజున అతని కుడి చూపుడువేలికి కట్టు ఉండేది. ఉలి తగిలిందనేవాడు. గుమాస్తా జాలిపడి తనే నింపేవాడు. పదేళ్లయినా ఆ గాయం మానలేదు. తొమ్మిదేళ్ల వయసులో ఒకసారి అతను ఆ కట్టు విప్పుతుండగా కూతురు చూసింది. లోపల గాయం లేదు. తండ్రిని చిన్నబుచ్చలేక ఆ మాట ఆమె ఇన్నేళ్లూ ఎత్తలేదు.

"పేరు రాయలేదు నాన్నా."

"పేరు రాయకపోతే నా సంగతి నీదైపోతుందా? చెక్క ఇంకొకరిదైతే, రంపం పెట్టే ముందు నేను అడుగుతాను."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమె ఎదురు చెప్పేదేమో. చదువు రానివాళ్ల మర్యాద కాపాడాలని ఊరంతా చెప్పి తిరిగే మనిషి, ఇంట్లో మనిషిని ఒక్క మాట అడగలేదు. సిగ్గుతో తల వాల్చి, ఆ పేజీ చింపేస్తానంటూ చెయ్యి చాపింది. చాపిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"నాన్నా, ఇది నీకు ఎవరు చదివిపెట్టారు?"

తండ్రి తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు చూశాడు. పొయ్యి దగ్గర తల్లి అటు తిరిగి నిలబడింది గానీ, ఆమె భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

"ఎవరూ చదవలేదు. తెల్లవారుజామున లేచి నేనే చదివాను. పేజీలు తిప్పుతుంటే వడ్రంగి అన్న మాట కనబడింది. ఈ ఒక్క పేజీకే ఇంతసేపు పట్టింది."

సంగతంతా అప్పుడు తల్లి చెప్పింది. ఎనిమిది నెలలుగా ఆయన బస్సు డిపో వెనక గ్రంథాలయంలో సాయంకాలం తరగతికి వెళ్తున్నాడు. దగ్గర్లోని తరగతిలో అందరూ కూతుర్ని ఎరిగినవాళ్లేనని అంత దూరం పోతున్నాడు. కూతురికి మాత్రం నడక అని చెప్పాడు. చక్కెర జబ్బుకి నడక మంచిదని మెచ్చుకుని, దానికి బూట్లు కొనిపెట్టింది కూడా పంతులమ్మే. దీపం కింద చీకటంటే ఇదే. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అడక్కుండా రాయడం తప్పే నాన్నా. ఈ పేజీ తీసేస్తాను."

"తియ్యకు. ఇందులో ఒక తప్పుంది, అది దిద్దాలి. సిగ్గుతో కట్టు కట్టుకున్నాడని రాశావు. సిగ్గు కాదు తల్లీ. నాకు చదువు రాదని తెలిస్తే బళ్లో నిన్ను చిన్నచూపు చూస్తారేమోనని భయం." ఆయన లేచి చొక్కా దులుపుకున్నాడు. "నాకు అరవై రెండు. ఆ నిబంధన వస్తే మొదట కొట్టేసేది నా పేరే. నేనే వచ్చి చదువుతాను."

కమిటీ గదిలో ఆయన నాలుగో పేజీని వేలితో వరుస వెంట వరుస తడుముకుంటూ చదివాడు. తప్పున్న చోట ఆగి, భయం సంగతి తన నోటితో చెప్పాడు. అంతసేపూ పంతులమ్మ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, ప్రతి మాటనూ పెదవులతో తోడు చదివింది. చివరికి ఆ అరవై ఐదేళ్ల సభ్యుడు, ఈ వయసులో ఇది దేనికి పనికొచ్చిందని అడిగాడు.

"ఇన్నాళ్లూ కొలతలకి పుల్లల మీద గాట్లు పెట్టుకునేవాణ్ణండి, తలుపుకో పుల్ల. ఇప్పుడు టేపు చూసి కాగితం మీద రాసుకుంటున్నా. ఆ పుల్లలతో మా ఆవిడ నీళ్లు కాచుకుంది. ఇంకోటి, మా అమ్మాయి నా గురించి ఏం రాసిందో నేనే చదివాను. చదివి దాన్ని కోప్పడ్డాను కూడా."

అధ్యక్షురాలు పకపకా నవ్వింది. గదంతా నవ్వింది. భోజనాల వేళకి ముందే ఆ నిబంధన కొట్టేశారు. వయసుతో పని లేకుండా తరగతులు సాగుతాయి. ఆ సభ్యుడు అందరికన్నా ఆఖర్న చెయ్యెత్తాడు గానీ ఎత్తాడు.

వెళ్లేముందు హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టాలి. గుమాస్తా ఆయన కాయలు కాసిన చేతులు చూసి, అలవాటుగా వేలిముద్ర కోసం సిరా పెట్టె తెరిచాడు. తండ్రి దాన్ని మెల్లగా పక్కకు జరిపి కలం అందుకున్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు ఓపిగ్గా నిలబడ్డారు. ఒక్కో అక్షరం చెక్కినట్టు పేరు రాశాడు. పక్క గడిలో ఎవరి తరఫున వచ్చారని ఉంది. సంస్థ పేరు రాయమన్నాడు గుమాస్తా. ఆయన కాసేపు ఆలోచించి, 'నా తరఫున' అని రాశాడు.

కలం కూతురి చేతికిస్తూ, "తప్పులేమైనా ఉన్నాయా పంతులమ్మా?" అన్నాడు.

కళ్లు తుడుచుకుని ఆమె ఆ వరుసను రెండుసార్లు చదివింది.

"ఒక్కటీ లేదు నాన్నా."