డొల్లచేప

అంగారక గ్రహం మీద కట్టిన 'నెలవు' అనే స్థావరంలో అందరూ టీ తాగేది అక్వేరియం ముందే. బయట చూద్దామంటే ఎర్రదుమ్ము తప్ప ఏమీ లేదు. అందుకని పొద్దున్నే గ్లాసులు పట్టుకుని ఆ గోడంత తొట్టి ముందు చేరేవారు. అందులో సిక్లిడ్లు, గురామీలు, టైగర్ బార్బ్‌లు కలిసి కాపురం చేస్తున్నాయి. చేపల సంగతి తెలిసినవాళ్లెవరైనా ఈ మాట వింటే నవ్వుతారు. సిక్లిడ్ తను ఎంచుకున్న రాయి దగ్గరికి ఇంకో చేపని రానివ్వదు. టైగర్ బార్బ్ పొడుగు రెక్కల చేప కనిపిస్తే కొరక్కుండా ఉండలేదు. అలాంటివి ఒకే తొట్టిలో ఒకదాని జోలికి ఒకటి పోకుండా తిరుగుతున్నాయంటే, అది మందాకిని కనిపెట్టిన యంత్రం చలవ.

మందాకినిది కైకలూరు. చేపల చెరువుల మధ్య పుట్టి, చేపల ప్రవర్తన మీద డాక్టరేట్ చేసింది. తొట్టిలో కొట్లాటలు తగ్గించడానికి అందరూ చేసే పనులన్నీ ఆమె చేసి చూసింది. దాక్కోవడానికి మొక్కలు పెట్టింది. హద్దులు మరిచిపోతాయని రాళ్లని అటూ ఇటూ మార్చింది. రౌడీ చేపని తీసి కొన్నాళ్లు వేరే ఉంచింది. ఒక రౌడీని తీసేస్తే రెండోది తయారయ్యేది. దెబ్బలు తినే చేపని తీసేస్తే మిగిలినవన్నీ ఏకమై ఇంకోదాన్ని వెతుక్కునేవి. కోపం ఎక్కడికీ పోవడం లేదు, చోటు మారుతోందంతే. అయితే దానికో చోటు మనమే చూపిద్దామనుకుంది. అలా పుట్టింది డొల్లచేప.

డొల్లచేప కాంతితో చేసిన బొమ్మ. చేపలకి కళ్లతో పాటు ఒంటి పక్కన ఒక గీత ఉంటుంది, నీటిలో కదలికని దాంతో పసిగడతాయి. యంత్రం సన్నని ప్రకంపనలు పుట్టించి ఆ గీతని కూడా నమ్మిస్తుంది. బొమ్మ బెదురుతుంది, పారిపోతుంది, కొరికితే పొలుసులు రాలుస్తుంది, కానీ చావదు. చేపలన్నీ దాని మీద కసి తీర్చుకుని, తమలో తాము ఎంతో మర్యాదగా ఉంటాయి. ఆ యంత్రానికి మాటలు కూడా వచ్చు. తగవులు తీరుస్తుంది కాబట్టి అందరూ దాన్ని 'పెద్దమనిషి' అని పిలిచేవారు.

"ఇది మనుషులకి కూడా పనికొస్తుందా?" అని బయల్దేరే ముందు పైవాళ్లు అడిగారు. "రావచ్చు" అంది మందాకిని. ఆ ముచ్చట స్థావరంలో అందరికీ సరదాగా చెప్పింది కూడా. చెప్పకుండా ఉండాల్సింది.

మొదట అక్కడ ఆరుగురే ఉండేవారు. లింగరాజు రెండో నౌకలో ఒక్కడే వచ్చాడు. పలాస మనిషి, నీళ్ల శుద్ధి చూసే ఇంజనీరు, యాభై దాటినవాడు. కొత్తొక వింత అంటారు గాని అతని విషయంలో ఆ వింత వారం కూడా నిలవలేదు. టీ జుర్రుమని తాగుతాడు. తొట్టి అద్దం మీద గోటితో కొడతాడు. చెప్పిన సంగతే మళ్లీ చెబుతాడు. ఎవరేమన్నా ఎదురు చెప్పడు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా. అతని జుర్రుని ఒకరు అనుకరిస్తే మిగిలినవాళ్లు నవ్వేవారు. మందాకిని కూడా నవ్వేది. అతను రాక ముందు ఆ ఆరుగురూ స్నానం వంతు కోసం కూడా పోట్లాడుకునేవారు. వచ్చాక వాళ్ల మధ్య పల్లెత్తు మాట లేదు.

"గమనించారా మేడమ్?" అన్నాడు ఒకరోజు కరుణాకర్. స్థావరంలో గాలి యంత్రాలు చూసేది అతనే. "ఈయన వచ్చాక మనం ఒక్కసారైనా పోట్లాడుకున్నామా?"

మందాకినికి బయల్దేరే ముందు పైవాళ్లు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. భూమ్మీద నర్సులుగా, గుమాస్తాలుగా పనిచేసే యంత్రాలు పక్కన కూర్చున్నా పోల్చుకోలేనట్టు తయారై చాలా ఏళ్లయింది. అలాంటిదాన్ని తమ మధ్యకి పంపారా? ఇన్నాళ్లూ అది తమతో తింటూ, తమని చూస్తూ ఉందా? ఉండబట్టలేక యంత్రాన్నే అడిగేసింది.

"మా ఏడుగురిలో డొల్లమనిషి ఉన్నాడా?"

"లేడండి. నా పని తొట్టి వరకే" అంది పెద్దమనిషి.

కరుణాకర్ నవ్వాడు. "ఉంటే మాత్రం చెబుతుందా? బొమ్మని తెలిసిపోతే ఏ చేప కొరుకుతుంది?"

"మొన్న ఆయనకి వేలు తెగితే రక్తం వచ్చింది కదా" అంది మందాకిని.

"అంత చర్మం అతికినవాళ్లకి కాస్త రక్తం పొయ్యడం ఓ లెక్కా?"

ఆ మాట స్థావరమంతా పాకింది. లింగరాజు వస్తే మాటలు ఆగిపోయేవి. గదులకి గడియలు పడ్డాయి. ఒకసారి అతను నడవలో మందాకినిని ఆపి, "ఏటమ్మా, నేనేటైనా తప్పు చేసేనా?" అని అడిగాడు. ఆ ప్రశ్న కూడా ఎవరో నేర్పి పంపినట్టనిపించి, ఆమె జవాబు చెప్పకుండా పారిపోయింది.

అప్పుడు దుమ్ము తుఫాను వచ్చింది. సౌర పలకలు దుమ్ముతో కప్పుకుపోయాయి. పట్టపగలే చీకటి. కమాండర్ రజియా, "పెద్దమనిషీ, అవసరంలేనివన్నీ ఆపెయ్" అంది. గాలి యంత్రం కూడా సగం వేగంతో మూలుగుతూ నడుస్తోంది. రజియా అందరినీ తన గదికి పిలిచింది, లింగరాజుని తప్ప.

"ఏడుగురికి చాలుతుందని నమ్మకం లేదు" అన్నాడు కరుణాకర్. "ఆరుగురికైతే చాలుతుంది. ఆయన గదికి గాలి వెళ్లే వాల్వు మూసేద్దాం. యంత్రానికి ఊపిరెందుకు?"

రజియా మందాకిని వైపు తిరిగింది. "తొట్టిలో డొల్లచేప ఏదో నువ్వెలా గుర్తుపడతావు?"

"అన్నీ కలిసి దేన్ని కొరుకుతాయో అదే" అంది మందాకిని. అది నిజమే.

"నేనేమీ అననయ్యా. గాలి సంగతి నీది" అంది రజియా నేల చూస్తూ. కరుణాకర్ వెళ్లి లింగరాజు గది తలుపు బయటినుంచి బిగించి, వాల్వు తిప్పి వచ్చాడు.

కాసేపటికి తలుపు కొడుతున్న చప్పుడు మొదలైంది. ముందు నెమ్మదిగా, తర్వాత గట్టిగా. "బాగా నేర్పారు" అన్నాడు కరుణాకర్, కానీ అతని మొహంలో నెత్తురు లేదు. మందాకిని ఆ చప్పుడు భరించలేక తొట్టి దగ్గరికి పోయింది. మసక వెలుతురులో చేపలన్నీ ఒకదాన్ని మూలకి తరుముతున్నాయి. పొలుసులు రాలుతున్నాయి. ఎప్పటి దృశ్యమే కనిపించేసరికి ఆమెకి కాస్త ప్రాణం కుదుటపడింది.

"ఇంత కరెంటు కరువులో కూడా డొల్లచేపని బాగానే నడిపిస్తున్నావు" అంది.

"దాన్ని ఆపేసి చాలాసేపయిందండి. కమాండర్ గారు అవసరంలేనివి ఆపమన్నారు కదా" అంది పెద్దమనిషి.

మందాకిని అద్దానికి మొహం ఆనించి చూసింది. అది ముత్యాల గురామి. నిజం చేప. రెక్కలు పీలికలై ఉన్నాయి. గురామి నీటిపైకొచ్చి గాలి మింగితేనే బతుకుతుంది. మిగిలినవి దాన్ని పైకి రానివ్వడం లేదు.

నడవలో చప్పుడు ఆగిపోయింది.

ఆమె పరిగెత్తింది. అడ్డొచ్చిన కరుణాకర్‌ని గోడకి తోసి, వాల్వు తిప్పి, తలుపు లాగింది. లింగరాజు నేలమీద బోర్లా పడి, తలుపు కింది అంచుకి నోరు ఆనించి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. గోళ్లు చీరుకుపోయి ఉన్నాయి. మందాకిని అతన్ని ఒళ్లోకి తీసుకుని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. చాలాసేపటికి అతనికి మాట వచ్చింది.

"తలుపు కొట్టేను కదమ్మా. మనుషులైతే తీస్తారనుకున్నాను. ఎవరూ తియ్యకపోయేసరికి, మీరు ఆరుగురూ యంత్రాలేమో అనుకున్నాను."

అందరూ కదలకుండా పడుకుంటే, తుఫాను పోయేదాకా గాలి ఏడుగురికీ చాలింది.

మళ్లీ అందరూ తొట్టి ముందు చేరారు. గురామిని మందాకిని వేరే తొట్టిలో వేసింది. లింగరాజుకి రజియా స్వయంగా టీ తెచ్చి ఇచ్చింది. అతను జుర్రుమని తాగాడు. ఎవరూ నవ్వలేదు. ఇంతలో కరుణాకర్ వచ్చాడు. మాటలు ఆగిపోయాయి.

"వాల్వు తిప్పింది నేనే గాని... గాని..." అని తడబడ్డాడు.

"గాని... గాని..." అన్నారెవరో, అచ్చం అలాగే. అందరూ నవ్వారు. లింగరాజు కూడా నవ్వాడు. వచ్చిన ఇన్నాళ్లలో అతను అందరితో కలిసి నవ్వడం అదే మొదలు.

మందాకిని తొట్టి వైపు వంగి, ఎవరికీ వినపడకుండా, "డొల్లమనిషిని పంపించమని భూమికి కబురు పెట్టు. నిజంగానే పంపమను" అంది.

"పెడతానండి. అయితే తర్వాతి నౌక రావడానికి ఏడాది పడుతుంది" అంది పెద్దమనిషి.

"మేడమ్, మీరైనా చెప్పండి" అన్నాడు కరుణాకర్. "అందరూ కలిసి ఎవర్ని కొరికితే వాళ్లే డొల్ల అని ఆ రోజు చెప్పింది మీరే కదా?"

నవ్వులు ఆగాయి. అందరి కళ్లూ నెమ్మదిగా ఆమె వైపు తిరుగుతున్నాయి. మందాకిని తన స్టూలు జరుపుకుని లింగరాజు పక్కకి చేరింది. "గాని... గాని..." అని అందరికన్నా గట్టిగా నవ్వింది.